కడ్డీలు కాదు, ముందు స్కేలు చూడండి

ఎవరైనా బార్ చార్ట్ పంపితే కడ్డీల ఎత్తు చూసి కంగారుపడిపోకండి, ముందు ఎడమవైపు స్కేలు ఎక్కడ మొదలైందో చూడండి. 50 నుంచి 52కి వెళ్తే పెరిగింది 4 శాతమే, కానీ స్కేలు 48 దగ్గర మొదలుపెడితే రెండో కడ్డీ మొదటిదానికి రెట్టింపు ఎత్తులో నిలబడుతుంది, ఒక్క అంకె కూడా అబద్ధం చెప్పకుండానే! అందుకే కడ్డీలకి స్కేలు సున్నా నుంచే మొదలవ్వాలి. లైన్ గ్రాఫ్‌కి మాత్రం సున్నా తప్పనిసరేం కాదు (జ్వరం చార్టు సున్నా నుంచి గీస్తే ఏం తెలుస్తుంది?). వృత్తాలతో చూపించేవి ఇంకా ఘోరం. విలువ రెట్టింపైందని వ్యాసాన్ని రెట్టింపు చేసేస్తారు, దాంతో వైశాల్యం 4 రెట్లవుతుంది, మన కంటికి ఆనేదేమో ఆ వైశాల్యమే. ఇక త్రీడీ ‘పై’ చార్ట్ (గుండ్రటి బొమ్మని ముక్కలుగా కోసి, మందంగా, వాలుగా చూపించేది) అయితే, నన్నడిగితే, బొమ్మ వదిలేసి అంకెలు మాత్రమే చదవండి. ముందువైపు ముక్క ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తుంది.