సమకాలీన కళా ప్రదర్శనలో సందర్శకులను వెంట తిప్పి చూపించడం ఎలా?

సందర్శకులను వెంటబెట్టుకుని గ్యాలరీ తిప్పడం వేరు, క్లాసు పీకడం వేరు. ఈ తేడా పట్టని టూర్లలో పదో నిమిషానికే వెనక వరస ఫోన్లలోకి తల దించేస్తుంది.

ఏర్పాట్లు పెద్దగా ఏమీ లేవు. 15 మందికి మించకూడదు, 45 నిమిషాలు దాటకూడదు. నాలుగే కళాఖండాలు చూపించాలి. ఐదోది ఎంత గొప్పదైనా వదిలేయండి. మైకు వద్దు, అది చేతికొస్తే ఎవరైనా ఉపన్యాసంలోకి దిగిపోతారు. నిలబడలేనివాళ్ల కోసం నాలుగు మడత కుర్చీలు ఉంచండి. దేన్ని ముట్టుకోవచ్చో, దేని మీద నడవచ్చో ఆ రోజు పొద్దున మళ్లీ కనుక్కోండి. 2010లో లండన్‌లోని టేట్ మోడర్న్ మ్యూజియంలో చైనా కళాకారుడు ఐ వెయ్‌వెయ్ పరిచిన పది కోట్ల పింగాణీ పొద్దుతిరుగుడు గింజల మీద మొదట జనాన్ని నడవనిచ్చారు. దుమ్ము లేస్తోందని కొద్ది రోజులకే ఆపేశారు.

అసలు చిక్కు మొదటి ప్రశ్న దగ్గరే.

'మీకేమనిపిస్తోంది?' అని అడగకండి. 'బాగుందండీ' అంటారు, అక్కడితో అయిపోతుంది. కళా బోధన నిపుణులు అబిగైల్ హౌసెన్, ఫిలిప్ యెనవైన్ రూపొందించిన పద్ధతిలో మూడే ప్రశ్నలున్నాయి: ఇక్కడ ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నారు? ఇంకా ఏం కనిపిస్తోంది? ఇవి చాలు.

అడిగాక నోరు మూసుకోవాలి. అందరూ బోల్తా పడేది ఇక్కడే. మూడు సెకన్లు ఎవరూ మాట్లాడకపోతే టెన్షన్ వచ్చి, గైడే జవాబు చెప్పేస్తాడు. ఒక్కసారి అలా చెప్పారంటే ఇక టూర్ అయ్యేదాకా ఎవరూ నోరు విప్పరు. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి. అప్పుడు జనం మొహాలు చూడకండి, పరీక్ష పెట్టినట్టుంటుంది. మీరూ ఆ కళాఖండాన్నే చూస్తూ నిలబడండి.

ఎవరో ఒకరు 'ఇలాంటిది మా పిల్లాడూ వేస్తాడు' అంటారు. వాదనకు దిగకండి, నవ్వకండి కూడా. రెండో ప్రశ్న వేయండి, మామూలు గొంతుతోనే. గొంతు కాస్త గట్టిపడినా అది నిలదీసినట్టే వినిపిస్తుంది. ఆయన 'ఆ గీతలు చూడండి, ఎలా పడితే అలా ఉన్నాయి' అంటే వేలితో ఆ గీతలు చూపించి, ఆయన మాటనే తిరిగి చెప్పండి. 'బాగా చెప్పారు' అని మాత్రం ఎవరినీ మెచ్చుకోకండి. ఒకరికి మార్కులు వేస్తే మిగతావాళ్లు తగ్గిపోతారు.

వివరం ఎప్పుడు చెప్పాలన్నది కూడా ఇందులో భాగమే. కళాఖండాల పక్కన అంటించే క్యూఆర్ కోడ్‌లంటే నాకు పడనిది అందుకే, అవి కథంతా ముందే ఒలకబోస్తాయి. ఫెలిక్స్ గొంజాలెజ్-టోర్రెస్ అనే కళాకారుడు 1991లో రంగు కాగితాల్లో చుట్టిన మిఠాయి బిళ్లలను కుప్పగా పోశాడు. కుప్ప ఉండాల్సిన ఆదర్శ బరువు 175 పౌండ్లు, అంటే దాదాపు 79 కిలోలు. చూడవచ్చినవాళ్లు తలా ఒకటి తీసుకోవచ్చు. అది ఎయిడ్స్‌తో పోయిన తన సహచరుడు రాస్ చిత్తరువని ముందే చెబితే అందరూ సానుభూతి మొహం పెట్టుకుని నిలబడతారు. కాగితం విప్పి, బిళ్ల నోట్లో వేసుకున్నాక చెప్పి చూడండి, చప్పరిస్తున్న దవడ ఆగిపోతుంది.

చివరి ఐదు నిమిషాలు పక్కకు తప్పుకోండి. అభిప్రాయాల ఫారాలు పంచకండి, వాటిలో మర్యాద తప్ప ఏమీ ఉండదు. తలుపు దగ్గర నిలబడి, ఎవరు దేని దగ్గరికి తిరిగి వెళ్లారో రాసుకోండి. ఎక్కువమంది వెళ్లినదాన్ని మర్నాటి టూర్‌లో మొదట పెట్టండి.