పద్మనాభం దగ్గర మా ఇంటికి నెట్ ఎలా కుదిరిందంటే

విశాఖ నుంచి పద్మనాభం దగ్గర మా ఊరికి మారాక మొదట సిమ్ రౌటర్ కొన్నాను, పగలు బాగానే వచ్చేది కానీ రాత్రి 8 దాటితే ఊరంతా అదే టవర్ మీద పడి పాప ట్యూషన్ క్లాసు మధ్యలో ఆగిపోయేది. పైగా టవర్‌కీ మాకూ మధ్య కొండ. ముందే చూడాల్సింది.

ఇక ప్లాన్ల రేట్లు పోల్చడం మానేసి, మా వీధి స్తంభాల మీద ఏ కంపెనీ ఫైబర్ (నెట్ తెచ్చే కేబుల్) వెళ్తోందో చూశాను. అది వాడుతున్న పక్కింటి వదినని అడిగితే, గాలివానకి తెగినా మర్నాటికల్లా మనిషి వచ్చి అతికిస్తాడంది. అదే పెట్టించాను.

కరెంటు పోయినా ఫైబర్ పెట్టె ఆగకుండా మినీ యూపీఎస్ (చిన్న బ్యాటరీ) కొన్నాను. ఆ పెట్టె అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసే కొనండి, మాది 12 వోల్టులు. ఎల్‌ఓఎస్ అనే ఎర్ర లైటు వెలిగితే పెట్టెకి ఫైబర్ సిగ్నల్ అందట్లేదని అర్థం, ఊరికే రీస్టార్ట్ చేస్తూ కూర్చోకుండా కంపెనీకి ఫోన్ చేసేయండి.