బొచ్చు విపరీతంగా ఊడే కుక్క: ఏ లక్షణానికి ఏది కారణం, ఏం చేయాలి?

బొచ్చు ఎక్కువగా ఊడే కుక్కను పెంచేవారిలో చాలామంది చీపురుతో అలసిపోతారు. పొద్దున ఊడ్చిన గదిలో మధ్యాహ్నానికే మూలల్లో బొచ్చు ఉండలు తేలుతుంటాయి. నేల మీద పడ్డ వెంట్రుకను ఏరడం కంటే, రేపో మాపో రాలబోయే వెంట్రుకను ఈ రోజే కుక్క ఒంటి మీద నుంచి బ్రష్‌లోకి తీసుకోవడం ఎన్నో రెట్లు తేలిక. కింద చెప్పిన ఇంటి ఉపాయాల్లో చాలావాటికి మూలం ఈ ఒక్క మాటే.

అయితే ముందుగా ఒక పరీక్ష చేయాలి. కుక్కను మంచి వెలుతురులో పడుకోబెట్టి, బొచ్చును పాయలు పాయలుగా విడదీస్తూ కింది చర్మాన్ని చూడండి. మెడ, వీపు, తోక మొదలు, పొట్ట, చంకలు, చెవుల వెనుక భాగం, కాలి వేళ్ల సందులు, ఏదీ వదలవద్దు. చర్మం దాని సహజమైన రంగులో ఉండి, ఎరుపు, పొలుసులు, పుండ్లు, దుర్వాసన లేకపోతే, ఎక్కడా బోడి మచ్చలు కనిపించకపోతే, ఎంత బొచ్చు ఊడుతున్నా అది చాలావరకు ఇంట్లో సర్దుకోగలిగిన సంగతే. వీటిలో ఒక్కటి కనిపించినా మిగతావన్నీ పక్కన పెట్టి ఈ వ్యాసం చివరి భాగానికి వెళ్లండి. ఎన్ని వెంట్రుకలు ఊడాయన్నదాని కంటే వాటి కింది చర్మం ఎలా ఉందన్నదే ముఖ్యం.

ఒక కాలమంటూ లేకుండా ఏడాదంతా ఊడుతోంది

ప్రతి వెంట్రుకా కొంతకాలం పెరుగుతుంది, ఆగుతుంది, విశ్రాంతి తీసుకుంటుంది, రాలిపోతుంది. పూడుల్ జాతి కుక్కల వెంట్రుకలు చాలాకాలం పెరిగే దశలోనే ఉంటాయి. అందుకే అవి తక్కువగా రాలుతాయి, కానీ కత్తిరించకపోతే పెరుగుతూనే పోతాయి. లాబ్రడార్, హస్కీ వంటి జాతుల్లో ఎక్కువ వెంట్రుకలు విశ్రాంతి దశలో ఉంటాయి కనుక రాలడం వాటికి సహజం. ఎప్పుడు రాల్చాలో శరీరానికి చెప్పేది ప్రధానంగా పగటి వెలుతురు నిడివి. వేడి, చలి ఆ తర్వాతే. రాత్రి పొద్దుపోయే దాకా దీపాల వెలుగులో, ఇంటి లోపలే గడిపే కుక్కకు ఆ సంకేతం మసకబారుతుంది. అప్పుడు ఒక కాలంలో పెద్ద ఎత్తున రాలాల్సింది ఏడాది పొడవునా కొంచెం కొంచెంగా రాలుతుంది.

ఇది జబ్బు కాదు, దీన్ని ఆపే మందూ లేదు. బొచ్చు ఊడటాన్ని పూర్తిగా ఆపుతామని చెప్పే నూనెల మీద, పొడుల మీద డబ్బు పోయకండి. వారానికి రెండు మూడు సార్లు సరైన పద్ధతిలో దువ్వితే చాలు.

వేళ్లతో పట్టుకుంటే కుచ్చులు కుచ్చులుగా వస్తోంది

మొదటిసారి చూసినవారు భయపడతారు, కానీ రెండు పొరల బొచ్చున్న కుక్కల్లో ఇది మామూలే. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్, హస్కీ, పొమరేనియన్ వంటివాటికి పైన గట్టి వెంట్రుకలు, లోపల దూదిలాంటి మెత్తని బొచ్చు ఉంటాయి. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు, రుతువులు మారేటప్పుడు, ఈ లోపలి పొర మొత్తంగా ఊడివస్తుంది. రెండు నుంచి నాలుగు వారాలు సాగుతుంది. కుచ్చు ఊడిన చోట కింద కొత్త బొచ్చు కనిపిస్తుంటే నిశ్చింతగా ఉండండి.

ఈ వారాల్లో మాత్రం రోజూ పది, పదిహేను నిమిషాలు తప్పదు. లోపలి బొచ్చును తీయడానికి పొడవైన, ఎడంగా ఉన్న పళ్ల రేక్ వాడండి. బయటో, తేలిగ్గా కడగగలిగిన నేల మీదో దువ్వండి. తేలిగ్గా రానిదాన్ని లాగవద్దు, అది ఇంకా రాలడానికి సిద్ధం కాలేదు.

రోజూ దువ్వుతున్నా ఇంటినిండా బొచ్చే

ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. శ్రమ లోపం లేదు, పద్ధతిలో లోపం ఉంది.

మొదటి కారణం, బ్రష్ పై పొరను మాత్రమే నిమురుతోంది. పైన మెరుస్తుంది, లోపల రాలిన బొచ్చు అలాగే ఇరుక్కుని ఉంటుంది. దీనికి విరుగుడు పాయ తీసి దువ్వడం. ఒక చేత్తో బొచ్చును పైకి ఎత్తి పట్టుకోండి. చర్మం గీతలా కనబడుతుంది. ఆ గీత దగ్గర నుంచి కొద్ది కొద్ది బొచ్చును కిందికి వదులుతూ, మొదలు నుంచి చివరి దాకా, వెంట్రుకలు వాలే దిశలోనే దువ్వండి. తర్వాత అంగుళం పైకి జరిగి మరో గీత తీయండి. అయిపోయాక లోహపు దువ్వెన పెట్టి చూడండి. అది చర్మం దాకా దిగి, ఎక్కడా తట్టుకోకుండా బయటికి వస్తేనే పని పూర్తయినట్టు. నా మటుకు నాకు ఈ దువ్వెన పరీక్షకు మించిన కొలమానం కనబడలేదు. బ్రష్‌లో ఎంత బొచ్చు వచ్చిందన్నది చూసి మోసపోతాం.

రెండో కారణం, బొచ్చుకు తగని బ్రష్. లాబ్రడార్, బీగిల్, పగ్ వంటి పొట్టి బొచ్చు కుక్కలకు రబ్బరు బ్రష్‌తో గుండ్రంగా రుద్ది, తర్వాత బొచ్చు వాలు వెంట నిమరాలి. పొడవైన బొచ్చుకు సన్నని తీగల స్లిక్కర్ బ్రష్, దువ్వెన. రెండు పొరల బొచ్చుకు రేక్. బొచ్చును గీకి తీసే బ్లేడు పనిముట్లు ఒక్కసారిగా గుట్టలు తీస్తాయి కనుక చాలా ఇష్టపడతారు. కానీ ఎక్కువగా వాడితే అవి ఆరోగ్యంగా ఉన్న పై వెంట్రుకలను కూడా తెంపుతాయి, చర్మాన్ని గీరుతాయి. ఒకే చోట పదేపదే లాగకుండా, అప్పుడప్పుడు మాత్రమే వాడండి.

చెవుల వెనుక, చంకల్లో, తొడల వెనుక, మెడపట్టీ కింద బొచ్చు జడలు కడుతుంది. వాటిని కత్తెరతో కత్తిరించే సాహసం చేయవద్దు. జడ లాగినప్పుడు చర్మం కూడా దానితో పైకి లేస్తుంది, కత్తెర పడేది దాని మీదే. మొదలు దగ్గర వేళ్లతో గట్టిగా పట్టుకుని, చివర నుంచి కొంచెం కొంచెంగా విప్పండి. చర్మానికి అట్టలా అతుక్కుపోయి ఉంటే, ఆ పని చేతనైన వారు యంత్రంతో తీయడమే మంచిది.

బ్రష్ చూడగానే పారిపోతోంది

దాదాపు ఎప్పుడూ కారణం నొప్పే. స్లిక్కర్ బ్రష్‌ను మీ ముంజేతి లోపలి వైపు, కుక్క మీద ఎంత బలంతో నొక్కుతారో అంతే బలంతో లాగి చూడండి. మీకు మంట పుడితే దానికీ పుడుతుంది. కొన్ని రోజులు బ్రష్‌ను వాసన చూడనిచ్చి, రెండు సార్లు నిమిరి, ఇష్టమైన తిండి ముక్క ఇచ్చి ఆపేయండి. నడకకు వెళ్లొచ్చాక, అది నెమ్మదించి ఉన్నప్పుడు మొదలుపెట్టండి. వీపుతో ప్రారంభించి కాళ్లు, తోక చివరికి ఉంచండి. ఇన్నాళ్లూ హాయిగా దువ్వించుకున్న కుక్క ఉన్నట్టుండి ఒకే చోట తాకనివ్వకపోతే అది మొండితనం కాదు. కీళ్ల నొప్పో చెవిపోటో అయి ఉండవచ్చు, చూపించండి.

స్నానం చేయించిన తర్వాత ఇంకా ఎక్కువ ఊడుతోంది

నీళ్లు, రుద్దడం కలిసి అప్పటికే వదులైన బొచ్చును కదిలిస్తాయి. కనుక ఆ రోజు ఎక్కువగా ఊడటం మంచిదే, ఆరాక దువ్వి తీసేయండి. స్నానానికి ముందు కూడా దువ్వాలి. చిక్కులు తడిస్తే మరింత బిగుస్తాయి.

స్నానం తర్వాత రోజుల తరబడి దురద, పొట్టు కనిపిస్తే కారణం వేరే. మనుషుల షాంపూ వాడారా? మన చర్మం కొంత ఆమ్ల గుణం కలది, పీహెచ్ సుమారు 5.5. కుక్క చర్మం తటస్థ స్థాయికి, అంటే 7కు దగ్గరగా ఉంటుంది. మనకు సరిపడేది దాని చర్మాన్ని ఎండగడుతుంది. కుక్కల షాంపూయే వాడి, నురుగు పూర్తిగా పోయే దాకా గోరువెచ్చని నీళ్లతో కడగండి. ఆరోగ్యంగా ఉన్న చాలా కుక్కలకు నెల, నెలన్నరకోసారి స్నానం చాలు. ఇక అన్నింటికన్నా ముఖ్యం ఆరబెట్టడం. లోపలి బొచ్చు తడిగా మిగిలితే దాని కింద చర్మం మెత్తబడి, ఒక్క రోజులోనే చెమ్మగిల్లిన పుండు తయారవుతుంది.

ఇదంతా ఎందుకు, గొరిగించేస్తే?

ఈ ప్రశ్న వేసే ముందు ఎంత విసిగిపోయి ఉంటారో నాకు తెలుసు. అయినా రెండు పొరల బొచ్చున్న కుక్క విషయంలో నా సమాధానం వద్దనే. గొరిగితే రాలే వెంట్రుకల సంఖ్య తగ్గదు, వాటి పొడవు మాత్రమే తగ్గుతుంది. పొట్టి ముక్కలు బట్టల్లో మరింత గట్టిగా గుచ్చుకుంటాయి. పై పొర ఎండ నేరుగా చర్మాన్ని తాకకుండా కాపాడుతుంది, అది పోతే చర్మం కమిలిపోతుంది. కొన్ని కుక్కల్లో గొరిగిన చోట బొచ్చు నెలల తరబడి తిరిగి రాదు. వచ్చినా లోపలి మెత్తని పొర ముందుగా పెరిగి, గరుకుగా, మచ్చలు మచ్చలుగా తయారవుతుంది. శస్త్రచికిత్స, పుండ్లకు వైద్యం, విప్పలేని జడలు, ఇలాంటి అవసరం ఉంటే గొరగక తప్పదు. కాలి వేళ్ల సందుల్లో, మలద్వారం చుట్టూ పొట్టిగా కత్తిరించడం కూడా మంచిదే.

సోఫాను, బట్టలను వదలడం లేదు

పొట్టి, గట్టి వెంట్రుక సూదిలా నేతలోకి దిగుతుంది, వాక్యూమ్ గాలికి రాదు. రబ్బరు చేతి తొడుగును కొద్దిగా తడిపి, ఒకే దిశలో మీ వైపు లాగండి. వెంట్రుకలు తాడులా చుట్టుకుని పైకి వస్తాయి. కుక్క పడుకునే చోట ఒక దుప్పటి పరిచి, వారానికోసారి దాన్ని మాత్రం ఉతికితే సోఫా దాదాపు శుభ్రంగా ఉంటుంది.

బొచ్చు ఉన్న బట్టలను నేరుగా వాషింగ్ మెషీన్‌లో వేయవద్దు. తడిసిన బొచ్చు బట్టకు అతుక్కుని, మిగిలింది ఫిల్టర్‌లో చేరుతుంది. ముందు బయట గట్టిగా దులపండి. డ్రయ్యర్ ఉంటే పొడి బట్టలనే పది నిమిషాలు తిప్పి, జల్లెడలో చేరిన బొచ్చు తీసి, అప్పుడు ఉతకండి.

నేల మీద చీపురు వద్దు, ముందు వాక్యూమ్, తర్వాత తడిబట్ట. చీపురు బొచ్చును గాలిలోకి లేపుతుంది. వాక్యూమ్ పీల్చడం తగ్గిందంటే, దాని రోలర్‌కు చుట్టుకున్న బొచ్చును కత్తిరించి, ఫిల్టర్ శుభ్రం చేయండి.

మరో సంగతి, ఎక్కువ మంది పట్టించుకోనిది. గట్టి పొట్టి వెంట్రుకలు మన చర్మంలోకి కూడా ముల్లులా దిగుతాయి. కుక్కలకు క్షవరం చేసేవారికి వేళ్ల సందుల్లో ఇలా పుండ్లు పడటం వైద్యులకు తెలిసిన విషయమే. దువ్విన తర్వాత చేతులు, వేళ్ల సందులు కడుక్కోండి.

ఇంట్లో ఒకరికి తుమ్ములు, కళ్ల దురద

నింద వెంట్రుక మీద పడుతుంది కానీ అలర్జీ పుట్టించేవి కుక్క లాలాజలంలో, చర్మపు పొట్టులో, మూత్రంలో ఉండే ప్రొటీన్లు. వెంట్రుక వాటిని మోసుకు తిరిగే వాహనం. అందుకే బొచ్చు రాలని కుక్కతోనూ అలర్జీ రావచ్చు. పడకగదిలోకి కుక్కను అసలు రానివ్వకండి, అక్కడ హెపా ఫిల్టర్ (అతి సన్నని ధూళిని కూడా ఆపే జల్లెడ) ఉన్న గాలి శుద్ధి యంత్రం పెట్టండి. అలర్జీ లేనివారు, వీలైతే ఇంటి బయట, దువ్వాలి. ఊపిరాడకపోవడం, పిల్లికూతలు ఉంటే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుడిని కలవండి.

చర్మం బాగుంది, ఇంతకుముందు కంటే మాత్రం ఎక్కువ ఊడుతోంది

గడిచిన రెండు మూడు నెలలు గుర్తు చేసుకోండి. పెద్ద జ్వరం, శస్త్రచికిత్స, ఈనడం వంటివి జరిగాయా? అలాంటప్పుడు చాలా వెంట్రుకలు ఒకేసారి పెరగడం మాని, కొన్ని వారాల తర్వాత కలిసికట్టుగా రాలుతాయి. దానంతట అదే సర్దుకుంటుంది. పశువైద్యుడి బల్ల మీద భయంతో గుప్పెళ్లు రాల్చడం కూడా తాత్కాలికమే.

అవేవీ కాకపోతే తిండి చూడండి. వెంట్రుకలో దాదాపు అంతా ప్రొటీనే కాబట్టి నాణ్యత లేని తిండి ప్రభావం బొచ్చు మీద త్వరగా కనిపిస్తుంది. చేప నూనెలోని ఒమేగా-3 కొన్ని కుక్కలకు మేలు చేస్తుంది. ఫలితం తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మోతాదు కుక్క బరువును బట్టి పశువైద్యుడు చెప్పాలి. ఎక్కువైతే విరేచనాలవుతాయి.

చర్మంలో తేడా కనిపించింది

తోక మొదట్లో, నడుము దగ్గర బొచ్చు పోయి, అక్కడే కొరుక్కుంటుంటే మొదట అనుమానించాల్సింది ఎగిరి దూకే ఫ్లీ పురుగులను. అక్కడి నల్లని నలుసులను తడి తెల్ల కాగితం మీద వేయండి. ఎర్రగా కరిగితే అది వాటి మలం, అందులోది కుక్క రక్తమే. వాటి గుడ్లు, పిల్లలు ఇంట్లోనే ఉంటాయి కనుక కుక్కకు మందు వేసి ఊరుకుంటే చాలదు. పక్కబట్టలను వేడినీళ్లతో ఉతకాలి, మూలలన్నీ వాక్యూమ్ చేయాలి.

గుండ్రని బోడి మచ్చలు, అంచున పొలుసులు ఉంటే తామర కావచ్చు. చెవి అంచులు, మోచేతులు ఎర్రబడి నిద్రపట్టనంత దురద ఉంటే గజ్జి కావచ్చు. ఇవి రెండూ మనుషులకు కూడా అంటుకుంటాయి. చిన్న వయసు కుక్క కళ్ల చుట్టూ, మూతి మీద దురద లేకుండా బొచ్చు పోతే డెమోడెక్స్ అనే, కంటికి కనబడనంత చిన్న పురుగు కారణం కావచ్చు. అది మనకు అంటదు.

రెండు పక్కలా అద్దంలో బింబంలా ఒకే తీరున బొచ్చు పలచబడి, దురద లేకపోతే హార్మోన్లను అనుమానించాలి. బరువు పెరగడం, మందకొడిగా ఉండటం, తోక బోడిబారడం థైరాయిడ్ లోపాన్ని సూచిస్తాయి. అతిగా నీళ్లు తాగడం, ఎక్కువ మూత్రం, వేలాడే పొట్ట కుషింగ్ వ్యాధిని సూచిస్తాయి. రెండింటికీ మందులున్నాయి. వయసు మీద పడిందిలే అని వదిలేయడమే పెద్ద అన్యాయం.

వైద్యుడి దగ్గరికి వెళ్లే ముందు రెండు మూడు రోజులు స్నానం చేయించవద్దు, లేపనాలు పూయవద్దు. చర్మాన్ని గీకి తీసే నమూనాలో కనబడాల్సింది తుడిచిపెట్టుకుపోతుంది. టీ ట్రీ నూనె అసలు వాడకండి, అది కుక్కలకు విషం. మచ్చలను తేదీలవారీగా ఫోటోలు తీసి పెట్టుకోండి. దురద ముందు వచ్చిందా, బొచ్చు ముందు పోయిందా అన్నది గుర్తు తెచ్చుకుని రాసుకోండి. వైద్యుడు మొదట అడిగే ప్రశ్నల్లో అదొకటి.