ఏటికొప్పాక బొమ్మ కొంటున్నారా, ఇలా చూసుకోండి
వైజాగ్‌లో ఏటికొప్పాక బొమ్మ (ఏటికొప్పాక ఊళ్ళో చేసే లక్క పూత చెక్కబొమ్మ) కొనేముందు ఫోన్ టార్చ్ పక్కనుంచి వేసి, కెమెరా జూమ్ చేసి చూడండి, ఒళ్ళంతా బ్రష్ గీతలు, రంగు కారిన చారలు ఉంటే అది మామూలు పెయింటే. లక్క పూతకి బ్రష్ వాడరు, లేత్ అంటే కర్రని గిరగిరా తిప్పే యంత్రం, దాని మీద తిరిగే అంకుడు కర్రకి రంగు లక్క పుల్లని నొక్కి పెడతారు, రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్దితే ఆ మెరుపొస్తుంది. ఇప్పుడు లేత్ కరెంటుతో తిరుగుతున్నా ఎంత నొక్కాలో తెలిసింది చేతికే, నాకదే గొప్పగా అనిపిస్తుంది. ఈ బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు (ఫలానా చోటి ప్రత్యేక సరుకని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది.

అన్నట్టు లక్క అంటే చెట్టు జిగురు కాదండీ, చెట్టు రసం తాగే చిన్న పురుగు తన ఒంటి చుట్టూ కట్టుకునే కవచం.

ఇంటికి తెచ్చాక శానిటైజర్‌తో తుడవకండి, స్పిరిట్‌కి లక్క కరిగిపోద్ది. మెత్తటి పొడిబట్ట చాలు. ఎండలో ఆపిన కారు డాష్‌బోర్డ్ మీద మాత్రం అస్సలు పెట్టొద్దు.