కులాంతర పెళ్లి సంగతి నానమ్మ చెవిన వేయడం ఎలా

ముందు నాన్నకు కాదు, నానమ్మకు చెప్పండి. మా రాజమండ్రి ఇంట్లో నేను చేసింది అదే. భోజనమయ్యాక ఆవిడ వక్క నములుతుంటే పక్కన చేరి, "మీ రోజుల్లో ఏది తప్పనేవారు నానమ్మా?" అని అడిగాను. పెళ్లికి ముందు తాతయ్య మొహం చూడటమే తప్పట! అమ్మ కాలానికి పెళ్లిచూపులు వచ్చాయి, నాకు ఆఫీసు పరిచయం. ఈ ఊళ్లోనే 1881లో వీరేశలింగం గారు వితంతు వివాహం చేయిస్తే జనం వెలివేశారని కూడా గుర్తుచేశాను.

అబ్బాయి కులం మర్నాడు చెప్పండి. అన్నీ ఒకేసారి కుమ్మరిస్తే బీపీ మాత్ర వెతుక్కోవాలి.

కులమతాలతో పని లేకుండా రిజిస్టర్ పెళ్లి చేసుకోనిచ్చే 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద ముందుగా ఇచ్చే పెళ్లి నోటీసును రిజిస్ట్రార్ ఆఫీసులో అందరికీ కనబడేలా అంటిస్తారు. అందుకే ఇంట్లో చెప్పాకే ఇవ్వండి. 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. మా మూడో సాక్షి నాన్నే. నానమ్మే పంపింది.