పవర్ ఆఫ్ అటార్నీకి సాక్షులుగా ఎవరిని పెట్టాలి, సంతకాలు ఎలా చేయించాలి

జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున పనులు చేసే అధికారం మరొకరికి ఇచ్చే కాగితం) రాయించుకునేటప్పుడు అందరూ స్టాంపు డ్యూటీ గురించే అడుగుతారు, సాక్షుల సంగతి మాత్రం ఆఖరి నిమిషంలో గుర్తొస్తుంది. అప్పుడు డాక్యుమెంట్ రైటర్ దగ్గర నిలబడ్డ ఎవరో ఒకతనితో సంతకం పెట్టించేసి పని కానిచ్చేస్తారు. దయచేసి ఇలా చేయకండి. రేపు ఎవరైనా "ఆ సంతకం మా నాన్నది కాదు" అని కోర్టుకెక్కితే, ఆ ముక్కూమొహం తెలియని మనిషిని ఎక్కడని వెతుకుతారు?

1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టంలో ఇంతమంది సాక్షులు ఉండాలని రాసి లేదు. అయినా ఇద్దరిని పెట్టడం మన దగ్గర స్థిరపడిన పద్ధతి, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా మిమ్మల్ని గుర్తుపట్టి చెప్పడానికి ఇద్దరిని తీసుకురమ్మంటారు, వాళ్ల ఆధార్ కార్డులూ అడుగుతారు.

ఇద్దరూ మేజర్లై ఉండాలి, మిమ్మల్ని నిజంగా ఎరిగినవాళ్లై ఉండాలి. పవర్ పుచ్చుకునే మనిషిని సాక్షిగా పెట్టకండి. చుట్టాలు పనికిరారని చట్టం అనలేదు గానీ, ఆస్తి తగాదా వచ్చే వీలుంటే ఒక్కరైనా బయటివాళ్లు, అదీ పదేళ్ల తర్వాత కూడా దొరికే మనిషి అయితే మంచిదని నా అభిప్రాయం. పేరుతో పాటు తండ్రి పేరు, పూర్తి చిరునామా రాయించండి.

సంతకం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. మీరు సంతకం పెడుతుండగా సాక్షి చూడాలి, లేదా ముందే పెట్టి ఉంటే "ఇది నా సంతకమే" అని మీరే స్వయంగా అతనితో చెప్పాలి, ఆ తర్వాత అతను మీ కళ్లెదుటే సంతకం చేయాలి. ఇద్దరు సాక్షులూ ఒకేసారి ఉండక్కర్లేదు. మీరు లేకుండా ఎవరో కాగితం తీసుకెళ్లి వాళ్లింట్లో సంతకం పెట్టించుకురావడం మాత్రం కుదరదు. ఇచ్చేవాళ్లకు చదువు రాకపోతే సాక్షుల ముందే మొత్తం చదివి వినిపించి, అలా వినిపించామని డాక్యుమెంటులోనే రాసి, వేలిముద్ర వేయించండి. మంచాన పడ్డ పెద్దవాళ్లయితే ఆఫీసుకు మోసుకెళ్లనక్కర్లేదు, 1908 రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 ప్రకారం అధికారి ఇంటికే రావచ్చు, ముందుగా అర్జీ పెట్టుకోండి.

అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్లకు సాక్షులుంటే మాత్రమే సరిపోదు, అక్కడి నోటరీ ముందు గానీ ఇండియన్ కాన్సులేట్‌లో గానీ సంతకం చేసి ధ్రువీకరణ తీసుకోవాలి. కాన్సులేట్‌లో మామూలుగా ఇద్దరు సాక్షుల వివరాలూ అడుగుతారు, కాబట్టి అపాయింట్‌మెంట్‌కు ముందే ఏమేం కావాలో వాళ్ల సైట్‌లో చూసుకోండి. ఆ కాగితం ఇండియా చేరాక 3 నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టాలి. మన రెండు రాష్ట్రాల్లో దీనికోసం జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్తారు. కాగితం ఎప్పుడు చేరిందో చూపించడానికి కొరియర్ కవరు దాచుకోండి.