ఇద్దరే ఉన్నప్పుడు జెనోవా దించడం: నా అనుభవం

మాది తిరుపతి, పడవ చెన్నైలో. దాని మీద నేనూ బామ్మర్దీ, ఇద్దరమే. గాలి పెరిగాక జెనోవా (పడవ ముందువైపు ఉండే పెద్ద తెరచాప) దించబోతే సగం చాప నీళ్లలో పడేది. ఎదురుగాలికి తిప్పి దించాం, హాలియార్డ్ (చాపను పైకెత్తే తాడు) మెల్లగా వదిలాం, ముందుకెళ్లి చేత్తో లాగాం, ఏదీ కుదరలేదు.

చివరికి సన్నటి తాడొకటి చాప పైకొసకు కట్టి, స్టే (స్తంభం నుంచి పడవ ముక్కు దాకా బిగించిన తీగ) వెంబడి కిందికి తెచ్చి, ముక్కు దగ్గర చిన్న కప్పీ గుండా చుక్కాని దాకా లాగాం. ఇక దించేటప్పుడు ముందుగా పడవను గాలివాలుకు తిప్పుతాం. మెయిన్ సెయిల్ (స్తంభం వెనక ఉండే ప్రధాన తెరచాప) చాటుకు రాగానే జెనోవా పొంగు తగ్గి వేలాడుతుంది. అప్పుడు షీట్ (చాప కింది మూలకు కట్టిన తాడు) బిగించాలి. ఇది మరిచిపోతే చాప కింది మూల మళ్లీ బయటికే పోతుంది. తర్వాత బామ్మర్ది ఒక చేత్తో హాలియార్డ్ వదులుతూ, రెండో చేత్తో సన్నతాడు లాగుతాడు. హాలియార్డ్‌ను వించి (తాడు చుట్టే డ్రమ్ము) మీద ఒక చుట్టు ఉంచుకుంటే అరచెయ్యి కోసుకోదు. చాప డెక్ మీదే కుప్పపడుతుంది. సన్నతాడు బిగించి కట్టేస్తే మళ్లీ పైకి ఎగబాకదు.

గాలివాలుకు పోయేటప్పుడు బూమ్ (మెయిన్ సెయిల్ అడుగున ఉండే అడ్డకర్ర) ఇటునుంచి అటు కొట్టకుండా చూసుకోండి, తలకు తగిలితే అంతే సంగతులు. మాది హ్యాంకుల చాప, అంటే స్టేకు కొక్కేలతో తగిలించేది. రోలర్ ఫర్లింగ్ (చాపను స్టే చుట్టూ చుట్టేసే అమరిక) ఉన్నవాళ్లకు ఈ బాధే లేదనుకోండి. పెద్ద అలల్లో మాత్రం మేం ఇలా చేసి చూడలేదు.